రెక్కల గింజ చెట్టు ఏది? సోమి, ఏగిస, పచ్చతురాయి: పేర్ల వెనక చరిత్ర

ఇది కాస్త పెద్ద పోస్టు. పొద్దుగూకి పని అయ్యాక తీరిగ్గా చదవండి.

ఎండలు ముదిరితే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. అడిగేదీ ఒకటే. "ఏటి చెట్టిది? గింజకి రెక్కలాగ ఉంది, గాలికి ఎగిరొచ్చి కళ్ళంలో పడతంది. పువ్వు పూస్తాది, నీడ బాగుంది. ఉంచమంటారా, కొట్టీమంటారా?" ఇంకొకాయన ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరు వచ్చిందట. ఆ పేరుని బట్టి "ఇది షుగరుకి మందు చెట్టేనా" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే గానీ దాని మీద ఆధారపడినవి చిన్నవి కావు. చెట్టు ఏదో తెలీకపోతే వందేళ్ళ కలప మానుని పొయ్యి కట్టెల కింద కొట్టీగలం. మందు అనుకుని మందు కాని బెరడు తాగగలం. మన కొండ మీదే ఉన్న చెట్టుకి చుట్టాన్ని డబ్బు పోసి బయట నుంచి కొనగలం. అందుకే ఈ రెక్కల గింజ చెట్ల సంగతి, వాటి పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయన్న చరిత్రతో కలిపి చెబుతాను. ఆ చరిత్ర మన సర్కారు జిల్లాల్లోనే జరిగింది. మనలో చాలామందికి తెలీదు.

ముందు రెక్క సంగతి

గింజకి రెక్క ఎందుకు? తల్లి చెట్టు నీడలోనే పడితే పిల్ల మొక్కకి ఎండ అందదు. దూరంగా పడాలి. కొన్ని చెట్లు పళ్ళు కాసి పిట్టలకి, గబ్బిలాలకి పెట్టి గింజని మోయిస్తాయి. కొన్ని గాలిని నమ్ముకుంటాయి. గాలిని నమ్ముకున్నవాటికి రెక్క కావాలి. మన పెరట్లో ములగ చెట్టే ఉంది కదా, ముదిరి ఎండిన ములక్కాడ విప్పి చూడండి, గింజకి మూడు పక్కలా పల్చటి రెక్కలుంటాయి. రోజూ పులుసులో తినే కాయలోనే ఈ ఏర్పాటు ఉంది.

కాబట్టి "గింజకి రెక్క ఉంది" అన్నంత మాత్రాన చెట్టు తేలదు. మన అనకాపల్లి చుట్టుపక్కల, శారదా నది గట్ల నుంచి నర్సీపట్నం, మాడుగుల కొండల వరకు చూస్తే అరడజను పైగా రెక్కల చెట్లు తగులుతాయి. ఏగిస, సోమి, నెమలినార, తెల్లమద్ది మన నేల చెట్లు. పచ్చతురాయి, మహాగని, ఆకాశమల్లె బయట నుంచి వచ్చి నాటుకున్నవి. వీటిని ఎలా విడదీయాలో కింద చెబుతాను. దానికి ముందు, ఇదే ప్రశ్న రెండొందల ముప్ఫై ఏళ్ళ కిందట మన ప్రాంతంలో అడిగినవాళ్ళ గురించి చెప్పాలి.

కంపెనీ డాక్టర్లు, మన పేర్లు

1766లో నిజాముతో ఒప్పందం జరిగి ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. కంపెనీ వచ్చింది వ్యాపారానికి. ఇక్కడి అడవిలో, పొలంలో ఏది అమ్ముడుపోతాదో తెలుసుకోవాలి వాళ్ళకి. ఏ చెక్క రంగుకి పనికొస్తాది, ఏ బెరడు మందుకి, ఏ కలప ఓడకి? ఆ పని డాక్టర్లకి అప్పజెప్పారు. ఆ రోజుల్లో మందులన్నీ మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి డాక్టరుకి వృక్షశాస్త్రం తప్పనిసరి.

మొదట వచ్చినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. మొక్కలకి రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ దేశపు లిన్నేయస్‌కి శిష్యుడు. 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడి వచ్చి, తర్వాత కంపెనీ కొలువులో చేరాడు. 1785లో మన కాకినాడ పక్క జగన్నాథపురంలో చనిపోయాడు.

ఆయన తర్వాత ఆ పదవి పేట్రిక్ రస్సెల్ అనే డాక్టరుకి వచ్చింది. ఆయన అప్పటికే విశాఖపట్నంలో ఉన్నాడు. తమ్ముడు అక్కడ కంపెనీ అధికారి కావడంతో 1781లో తోడుగా వచ్చాడు. ఈయనకి పాముల మీద, చేపల మీద ఆసక్తి. 1796లో పాముల పుస్తకం, 1803లో విశాఖ తీరంలో దొరికిన రెండొందల చేపల పుస్తకం అచ్చయ్యాయి. పాముల పుస్తకంలో ఆయన మన తెలుగు పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరికి ఇక్కడివాళ్ళు చెప్పిన "కాటుక రేకుల పొడ" అన్న పేరు అందులో ఉంది. నల్ల పసుపు పట్టీల పాముని "బంగారం పాము" అని రాశాడు. తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆ జాతికి "బంగారస్" అని లాటిన్ పేరు పెట్టారు. కట్లపాములన్నిటికీ ప్రపంచమంతా ఈరోజుకీ అదే పేరు. అది మన బంగారమే.

మొక్కల విషయంలో పెద్ద పని చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ మనిషి, 1751లో పుట్టాడు. 1776లో మద్రాసులో కంపెనీ డాక్టరుగా చేరి, 1781 ప్రాంతంలో సామర్లకోట వచ్చాడు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చిన చెక్క, పట్టుపురుగులకి మల్బరీ పెంచి చూశాడు. చెరకు సాగు చేసి బెల్లం, పంచదార తీసే మన పద్ధతి కూడా చూసి రాశాడు. పెద్దాపురం, పిఠాపురం వైపు రైతులు చెరకు ఎలా నాటుతున్నారు, రసం ఎలా కాస్తున్నారు అన్నది ఆ వ్యాసంలో ఉంది. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం పెట్టింది 1913లో. అంతకి నూట ఇరవై ఏళ్ళ ముందే గానుగ దగ్గర నిలబడి కొలతలు రాసుకున్న మనిషి ఈయన.

1787 మే నెల తుఫానులో కోరంగి తీరం మునిగినప్పుడు తన పుస్తకాలు, కాగితాలు చాలావరకు పోగొట్టుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళకే సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోవడం చూసి, గట్ల మీద, బాటల పక్క కొబ్బరి, పనస, అరటి లాంటి తిండికి అక్కరకొచ్చే చెట్లు నాటించాలని పైవాళ్ళకి రాశాడు.

1795 నుంచి లండన్‌లో "కోరమాండల్ తీరపు మొక్కలు" అని ఆయన పుస్తకం మూడు సంపుటాలుగా వచ్చింది. మొత్తం 300 బొమ్మలు. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది మన విశాఖలో ఉన్న రస్సెలే. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళిపోయాడు. ఆయన రాతల్లో మొక్క పక్కన చాలాచోట్ల "తెలింగ" పేరు అని ఉంటాది. అంటే తెలుగువాళ్ళు ఆ మొక్కని ఏమంటారో ఆ పేరు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. స్కాట్లండ్ నుంచి వచ్చిన మనిషికి మన కొండల్లో ఏది సోమో, ఏది మద్దో ఎవరు చెప్పుంటారు? కట్టె కొట్టేవాళ్ళు, బండి చక్రం చేసే వడ్రంగులు, మందు నూరే నాటువైద్యులు, పశువుల కాపర్లు. బొమ్మలు గీసింది కూడా మనవాళ్ళే. పుస్తకం మీద డాక్టరు పేరు ఉంది. చెట్టు చూపించినవాళ్ళ పేరు, బొమ్మ గీసినవాళ్ళ పేరు లేవు. మిగిలింది వాళ్ళు నోటితో చెప్పిన చెట్ల పేర్లు మాత్రమే.

సోమి: లాటిన్‌లోకి పోయిన తెలుగు మాట

వాటిలో అన్నిటికంటే గట్టిగా నిలిచిన పేరు సోమి. దీన్నే సోమిద, సోమిడ మాను అని కూడా అంటారు. సామర్లకోట, పెద్దాపురాలకి ఉత్తరాన ఉన్న కొండల్లో ఈ పెద్ద మాను దొరుకుతాదని రాక్స్‌బర్గ్ రాశాడు. ఆ కొండల వరసలోనే తుని దాటితే మన నర్సీపట్నం వైపు కొండలు వస్తాయి.

ఈ చెట్టు కాయ చూసి ఆయనకి వెస్టిండీస్ దీవుల మహాగని గుర్తొచ్చింది. అదే చెక్కలాంటి కాయ, అలాగే అయిదు చెక్కలుగా విడిపోవడం, లోపల రెక్కల గింజలు. అందుకే 1793లో మహాగనిలో కొత్తరకం అని దీన్ని ప్రకటించాడు. లాటిన్‌లో పెట్టిన పేరుకి అర్థం "జ్వరం తగ్గించే మహాగని".

జ్వరం ఎందుకొచ్చింది మధ్యలో? అప్పట్లో చలిజ్వరానికి, అంటే మలేరియాకి, ప్రపంచం మొత్తానికి తెలిసిన మందు ఒక్కటే. దక్షిణ అమెరికాలో పెరు దేశపు కొండల్లో దొరికే సింకోనా బెరడు. అది స్పెయిన్‌వాళ్ళ గుప్పిట్లో ఉంది, ఖరీదెక్కువ. కంపెనీ సిపాయిలు, దొరలు జ్వరాలతో చచ్చిపోతున్నారు. ఆ బెరడుకి బదులు ఏదైనా ఇక్కడే దొరికితే లక్షలు మిగులుతాయి. చేదుగా, వగరుగా ఉండే సోమి బెరడుని మనవాళ్ళు వాడుతున్నారని తెలిసి రాక్స్‌బర్గ్ దాన్ని స్కాట్లండ్‌కి పంపించాడు. అక్కడ ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అనే వైద్యవిద్యార్థి 1794లో తన పట్టా కోసం దీని మీదే లాటిన్‌లో పుస్తకం రాశాడు. దాని పేరులో "సోయ్‌మిడ" అన్న మాట ఉంది. మన కొండ కింద పల్లెల్లో అనుకునే మాట అలాగ ఎడింబరో విశ్వవిద్యాలయానికి చేరింది.

1830లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆద్రియన్ ద జుస్సియు ఇది మహాగని కాదు, వేరే జాతి అని తేల్చాడు. కొత్త జాతికి కొత్త పేరు కావాలి కదా. ఆయన తెలుగు మాటనే తీసుకుని "సోయ్‌మిడా" అని పెట్టాడు. ఇప్పటికీ శాస్త్రంలో దాని పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. దొరల పేర్ల మీద చెట్లకి పేర్లు పెట్టే కాలంలో ఒక జాతికి జాతే మన మాట మీద నిలబడింది.

మందు కథ మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. 1820లో సింకోనా బెరడు నుంచి క్వినైన్ విడదీశారు. తర్వాత సింకోనానే నీలగిరుల్లో తోటలుగా పెంచారు. సోమి బెరడు వెనకపడిపోయింది. మోతాదు మించితే తల తిరగడం, మత్తు రావడం జరుగుతాదని ఆనాటి డాక్టర్లే రాశారు. కాబట్టి ఇది చదివి ఎవరూ బెరడు చెక్కి కషాయం కాయొద్దు. మలేరియాకి ఆసుపత్రిలో మంచి మందులున్నాయి.

నిజమైన విలువ కలపలో ఉంది. ఎరుపు చాయ, గట్టిదనం, బరువు. ఈ ప్రాంతపువాళ్ళు అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచే కలప ఇదేనని చెబుతారనీ, గుడుల్లో చెక్కపనికి వాడతారనీ రాక్స్‌బర్గ్ రాసుకున్నాడు.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూడండి. ఊరూరా తిరిగి మహాగని మొక్కలు అమ్ముతున్నారు. ఇన్నేళ్ళలో ఇన్ని లక్షలు అని కాగితం మీద లెక్క చూపిస్తున్నారు. మహాగని చెడ్డ చెట్టని అనను. కలప మంచిదే. కానీ దానికి దగ్గర చుట్టం, వేప కుటుంబంలోనే పుట్టినది, మన రాతినేలకి, ఎండకి అలవాటుపడినది సోమి మన కొండవాలున ఉంది. దాన్ని "అదేదో అడివి చెట్టులే" అని కొట్టీసి ఆ గోతిలోనే కొన్న మొక్క నాటినవాళ్ళున్నారు. పేరు తెలిసుంటే అలా జరగదు.

ఏగిస: ఎర్ర జిగురు, పసుపు పువ్వు

రెండోది ఏగిస. వేగిస, వేగి, పెద్దేగి అని ఊరుకో తీరుగా అంటారు. హిందీవాళ్ళు బీజాసాల్, విజయ్‌సార్ అంటారు. ఇది కొండ దిగువల్లో ఎదిగే పెద్ద చెట్టు. పసుపు పువ్వు గుత్తులుగా పూసి కమ్మటి వాసన వేస్తాది. కాయ గుండ్రంగా అప్పడంలాగ ఉంటాది. గింజ మధ్యలో, చుట్టూరా రెక్క.

దీని శాస్త్రనామం టెరోకార్పస్ మార్సూపియం. రాక్స్‌బర్గ్ పెట్టిందే. గ్రీకులో "టెరో" అంటే రెక్క, "కార్పస్" అంటే కాయ. రెక్కకాయ అన్నమాట. హెలికాప్టర్ మాట చివర ఉన్నదీ ఆ రెక్కే.

బెరడుకి గాటు పెడితే ఎర్రటి జిగురు నెత్తురులాగ కారి, ఆరి నల్లటి ఎరుపు గడ్డలవుతాది. ఇలాంటి జిగురు అంతకు ముందు ఆఫ్రికాలో గాంబియా వైపు నుంచి లండన్ పోయేది. 1757లో ఫోథర్‌గిల్ అనే డాక్టరు విరేచనాలకి మందుగా దాన్ని పరిచయం చేశాడు. "కైనో" అనేవారు. ఆ ఆఫ్రికా చెట్టూ టెరోకార్పస్ జాతిదే. మన ఏగిస జిగురుకీ అదే గుణం ఉండడంతో పందొమ్మిదో శతాబ్దంలో మలబారు వైపు నుంచి ఎగుమతయ్యేది. కడప, చిత్తూరు కొండల ఎర్రచందనం ఏగిసకి తోబుట్టువు. టెరోకార్పస్ సాంటాలినస్ అంటారు. దాని కాయా గుండ్రటి రెక్కకాయే.

ఏగిస చెక్కతో చేసిన గ్లాసులు షుగరుకి మంచిదని అమ్ముతుంటారు. రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగమంటారు. దీని మీద భారత వైద్య పరిశోధన మండలి పరీక్ష చేసి 1998లో ఫలితాలు ప్రచురించింది. కొత్తగా షుగరు బయటపడినవాళ్ళకి డాక్టర్ల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులో ఇస్తే చాలామందికి తగ్గిందని అందులో ఉంది. కానీ అది మందు ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ పోల్చి చూసిన పరీక్ష కాదు. గ్లాసులో నీళ్ళు తాగి డాక్టరిచ్చిన మాత్రలు మానీయమని అందులో లేదు. అలా మానీసి కాలికి పుండు పడ్డాక ఏడ్చి లాభం లేదు.

పచ్చతురాయి: పేరులో రెక్క, గుణం వేరు

ఇప్పుడు ఆ యాప్‌లో వచ్చిన పేరు దగ్గరికి వద్దాం. అది పెల్టోఫోరం టెరోకార్పం. మన రోడ్ల పక్క, బడి ఆవరణల్లో కనిపించే పచ్చతురాయి. కొండచింత అని కూడా అంటారు. పువ్వు పసుపే, కాయ రెక్కలాగే ఉంటాది, పేరు చివర "టెరోకార్పం" అని ఉంటాది. ఇది చూసి టెరోకార్పస్ అనుకోవడం, అక్కడి నుంచి విజయ్‌సార్ అనుకోవడం, అక్కడి నుంచి బెరడు చెక్కడం. మాట ఒకటే గానీ చెట్లు రెండు. ఒకదాంట్లో రెక్కకాయ అన్నది జాతి పేరు, రెండోదాంట్లో అది వట్టి వర్ణన. తెల్లగా ఉన్నవాళ్ళందరూ తెల్లబాబు ఇంటిపేరువాళ్ళు కారు కదా.

పచ్చతురాయి పుట్టిల్లు శ్రీలంక, ఆగ్నేయాసియా తీరాలు, ఆస్ట్రేలియా ఉత్తర అంచు. తొందరగా ఎదిగి గొడుగులాగ పరుచుకుంటాది కాబట్టి నీడ కోసం ఊళ్ళల్లో విస్తారంగా నాటారు. నీడకి వంక లేదు. కాకపోతే కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు రోడ్ల పక్క కూలినవాటిలో పచ్చతురాయిలు చాలా ఉన్నాయి. మన జిల్లాలో ఆ రోజు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటి మీదకి, పశువుల పాక మీదకి, గానుగ షెడ్డు మీదకి, కరెంటు తీగల మీదకి వాలేటట్టు దీన్ని నాటకూడదు. ఖాళీ జాగాలో ఉంటే ఉండనీండి.

గుర్తుపట్టే పద్ధతి

పువ్వుతో మొదలుపెట్టకండి. పసుపు పువ్వు చెట్లు బోలెడు. పైగా పువ్వు ఏడాదిలో కొన్ని రోజులే. ముందు రెక్క చూడండి, తర్వాత ఆకు, తర్వాత బెరడు, ఆఖర్న పువ్వు.

గుండ్రటి కాయ, మధ్యలో గింజ, చుట్టూ రెక్క ఉంటే రెండు మూడు చెట్లలో ఒకటి. కాయ దళసరిగా, అరచేతిలో ఇమిడేటట్టు ఉండి, ఆకు ఈనెకి అయిదు నుంచి ఏడు చిట్టాకులు మార్చి మార్చి ఉండి, గాటు పెడితే ఎర్ర జిగురు వస్తే ఏగిస. చిట్టాకులు సాధారణంగా మూడే ఉంటే ఎర్రచందనం. కాయ పల్చటి కాగితంలాగ, బరువే లేకుండా, గుత్తులు గుత్తులుగా ఉండి, ఆకు ఒంటాకై నలిపితే చెడ్డవాసన వేస్తే నెమలినార. వేసవిలో గాలికి ఎగిరొచ్చి కళ్ళంలో నిండేది చాలాసార్లు ఈ నెమలినారే.

చెక్కలాంటి కాయ అయిదు చెక్కలుగా విడితే సోమి గానీ మహాగని గానీ. సోమి కాయ చిన్నది, ముదిరితే నల్లబడతాది, పైకొన నుంచి విడుతాది, గింజకి రెండు కొసలా రెక్క. మహాగని కాయ పెద్దది, కొమ్మ మీద నిలబడి ఉంటాది, అడుగు నుంచి విడుతాది, గింజకి ఒక పక్కే పొడుగాటి రెక్క. అందుకే అది పంకాలాగ గిరగిరా తిరుగుతూ దిగుతాది. సోమి లేతాకు ఎర్రగా వస్తాది.

రాగి రంగు పల్చటి కాయలు, రెండు కొసలూ మొనదేలి, నెలల తరబడి చెట్టుకి వేలాడుతుంటే, ఆకు చింతాకులాగ సన్నగా ఉంటే పచ్చతురాయి. మొగ్గలు తుప్పురంగులో ఉంటాయి.

కాయకి అయిదు రెక్కలు నిలువునా పలకలుగా ఉండి, చెట్టు ఏటి గట్టున ఉండి, మాను తెల్లగా నున్నగా ఉంటే తెల్లమద్ది. శారదా, తాండవ, వరాహ నదుల గట్లని పట్టి ఉంచే చెట్లలో ఇదొకటి. దాన్ని మాత్రం ముట్టుకోకండి, గట్టు జారిపోతాది.

సన్నగా పొడుగాటి కాయ, లోపల ఉల్లిపొరల్లాంటి గింజలు, రాత్రిపూట తెల్లటి పొడుగుకాడల పువ్వులు రాలి వాసన వేస్తే ఆకాశమల్లె. బర్మా వైపు నుంచి వచ్చిన చెట్టు.

ఏగిసకి ఇంకో పరీక్ష ఉంది. ఎండిన చేవ చెక్క ముక్క గాజు గ్లాసు నీళ్ళలో వేసి కాసేపు ఆగి ఎండలో పెట్టి చూడండి. నీళ్ళు పసుపు గోధుమ రంగుకి తిరిగి, పక్క నుంచి చూస్తే నీలం మెరుపు కనిపిస్తాది. పచ్చతురాయి చెక్కకి ఆ మెరుపు రాదు.

యాప్ వాడొద్దని చెప్పడం లేదు. పువ్వు ఒక్కటే ఫొటో తీస్తే అది తడబడతాది. కాయ, ఆకు ముందు వెనక, బెరడు, మొత్తం చెట్టు, ఇన్నీ తీయండి. అది చెప్పిన పేరు తీసుకెళ్ళి ఊళ్ళో పశువులు కాసిన పెద్దాయన్నో, కొండ నుంచి కట్టెలు తెచ్చిన అవ్వనో అడగండి. రాక్స్‌బర్గ్ చేసిందీ అదే. ఆయన దగ్గర లిన్నేయస్ పుస్తకం ఉంది, అయినా పేరు మనవాళ్ళనే అడిగాడు.

ఏం చేద్దాం

ఒకటి. కొట్టే ముందు ఏ చెట్టో తేల్చుకోండి. పట్టా భూమిలోదైనా వాల్టా చట్టం, 2002 ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాల్సి ఉంటాది. ఏగిస, ఎర్రచందనం లాంటి విలువైన కలపకి అటవీశాఖ కాగితం లేకుండా బండి కదిలితే కేసే.

రెండు. మన గట్టు మీద, మెట్ట అంచున ఒకటి రెండు ఏగిసలు, సోమిలు వేసుకుందాం. సోమి కాయలు విడకముందే కోసి నీడలో ఆరబెడితే గింజ మనకే రాలుతాది. నిలవ పెట్టకుండా వెంటనే నాటాలి. ఏగిస కాయ రెక్క అంచులు కత్తిరించి రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి సంచుల్లో వేయండి. అన్నీ మొలవవు, కొంచెం ఎక్కువ వేసుకోండి. ఇవి సరుగుడులాగ నాలుగేళ్ళకి డబ్బిచ్చే చెట్లు కావు. ఇవి మనవల చెట్లు. కళ్ళం దగ్గర నీడ మాత్రం మన కాలంలోనే వస్తాది.

మూడు. పేర్లు రాసి పెట్టండి. ఇది అన్నిటికంటే సులువు, అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని. రెండు వందల ఏళ్ళ కిందట మన ముత్తాతలు చెప్పిన పేర్లు లండన్‌లో, కలకత్తాలో పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. మన ఊళ్ళో మాత్రం డెబ్బై దాటినవాళ్ళ నోట్లోనే ఉన్నాయి. వాళ్ళ తర్వాత ఆ చెట్టు "ఏదో అడివి చెట్టు" అయిపోతాది. మీ ఊళ్ళో ఏ చెట్టుని ఏమంటారో, ఎక్కడుందో, దేనికి వాడేవారో పిల్లల చేత ఓ నోటుబుక్కులో రాయించండి.

మీ కొండ దిగువున సోమి మాను నిలిచి ఉంటే కాయ ఫొటో పెట్టండి, ఊరి పేరు చెప్పండి. మీ వైపు దాన్ని వేరే పేరుతో పిలిస్తే ఆ పేరు కూడా రాయండి. గింజలు రాలే రోజులకి ఎవరికి కావాలంటే వాళ్ళం తలా కాసిని పంచుకుందాం.